హాజెల్‌ఫోర్డ్ కెటిల్ సంగ్రామము

ఏ ఋతువున మనుష్యుని శ్వాస మీసముపైననే మంచుగడ్డయై నిలుచునో, ఏ దినమున మోటారు కార్లు గొంతు పట్టిన గాయకులవలె రెండుమార్లు దగ్గి మూగవోవునో, అట్టి హిమకరాళ ఫిబ్రవరి మాసమున, ఉష్ణమాపకమందలి పాదరసము సున్నకు ముప్పదియొక్క మెట్లు దిగువన ముడుచుకొని పండుకొనియుండగా, ఒకానొక గురువారము మధ్యాహ్నము రెండు గంటలకు, మానిటోబా రాష్ట్రపు మైదానమున, గోధుమ గాదెలకును పందిమాంసపు ఫ్యాక్టరీకిని నడుమనున్న హాజెల్‌ఫోర్డ్ పట్టణమున, మ్యూజియము కోట్ల గదిలో జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. చెవులు కప్పిన ఉన్ని టోపీలు తీసి వినుడు. ఇందు రక్తము చిందలేదు. నీళ్లు కొంచెము చిందినవి.

ఆ మ్యూజియము పూర్వము తపాలా కార్యాలయము. వెన్న చిలికెడి పీపా, పండ్లు పీకెడి పటకారులు, ఎవ్వరును కూర్చుండకుండ తాడు కట్టిన పదునేడు కుర్చీలు అందలి నిధులు. కూర్చుండరాని కుర్చీలు అన్ని ఒక్కచోట నుండుట ఆ జిల్లాలో మరెక్కడను లేదు. మనిషి నడుము వాల్చుటకు వీలైన తావు ఒక్కటే: వచ్చినవారు కోట్లు తగిలించు చిన్న గది. అందొక బల్ల, నాలుగు మడత కుర్చీలు, గోడకు ఒకేయొక ప్లగ్ పాయింట్. ఆ ప్లగ్ పాయింటే మన కథకు కోట, బురుజు, సింహాసనము.

ఆ కోటను ప్రతి గురువారము ఏలుచుండినవారు మువ్వురు.

మొదటిది ఒడార్కా ప్రితులా, డెబ్బదియారేండ్ల వృద్ధ, శస్త్రచికిత్సా-పునర్నిర్మిత-జానుద్వయ, ఇరువదితొమ్మిది సంవత్సరములు స్కూలు బస్సు నడిపి, ఏ మంచు తుపానులోను ఒక్క బిడ్డనైనను పోగొట్టని సారథి. ఇంట రేడియో తప్ప పలుకరించు ప్రాణి లేక, నవంబరు మాసమున ఎర్రని కెటిల్ చంకనిడుకొని ఇచ్చటికి వచ్చెను. రెండవవాడు గిల్బర్ట్ డ్యూషార్మ్. రైల్వేలో పని విరమించిన, ఆదివాసి శ్వేతజాతి రక్తములు కలిసిన మెటీ తెగ వృద్ధుడు. ఒక లాంతరు కింది చీటీలో తప్పున్నదని జగడమాడ వచ్చి, జగడము తీరకుండగనే టీకి అలవాటుపడిన ధీరుడు. మూడవది మారిటెస్ బలనాయ్. ఫిలిప్పీన్స్ నుండి వచ్చి పందిమాంసపు ఫ్యాక్టరీలో కత్తి పట్టిన వీరనారి. ఆమె షిఫ్టు రెండింటికి ముగియును, భర్త షిఫ్టు నాలుగింటికి. ఇద్దరికిని కారు ఒక్కటే. నడుమ రెండు గంటలు ఆ చలిలో ఎచ్చట నిలుచును?

ఈ మువ్వురును ఊరక కూర్చుండలేదు. మ్యూజియము నేలమాళిగలో ‘ఎవరో తెలియదు’ అని వ్రాసిన ఫోటోల పెట్టె యొకటి పడియుండగా, దానిని బల్లపై పరచి, ముఖమునకు పేరు చేర్చుచుండిరి. ఒడార్కా పేరు చెప్పును, గిల్బర్ట్ కాదనును, ఇద్దరును పోట్లాడుకొని ఒప్పుకొన్న పిమ్మట, అక్షరములు ముత్యములవలె నుండు మారిటెస్ ఫోటో వెనుక పెన్సిలుతో వ్రాయును. నలువదియొక్క ముఖములకు అట్లు పేరు వచ్చెను.

ఇదంతయు డైరెక్టరు ఎడ్మండ్ పిక్స్‌లీ కంటబడలేదు. ఎట్లు పడును? ఆ మహాశయుడు పైయంతస్తున ‘సమ్మిళిత సంఘటిత సమాజ నిర్మాణ సమితి’కి అధ్యక్షుడై, ఈ మ్యూజియము ఊరివారిని ఒక్కటిగా నెట్లు కలుపగలదని పదునాలుగు సమావేశములు జరిపియుండెను. కింది గదిలో ఊరివారు కలిసియున్నందున కలుగు చప్పుడు చర్చకు భంగకరముగా నున్నదని, తలుపు మూయించి మరీ చర్చించెను. పదునాలుగవ సమావేశ ఫలితముగా ఒక పెద్ద విద్యుత్తెర వచ్చెను. అందు ‘కలిసిన ఊరు, కలిపే మ్యూజియం’ అను అక్షరములు పరుగెత్తుచుండ, నానాజాతి యువతీయువకులు సముద్రతీరమున ఈత దుస్తులతో పకపక నవ్వుచుందురు. ఆ తెరను ఆ గురువారము ఉదయము కోట్ల గదిలో నిలిపి, కెటిల్‌ను పీకి, ఆ ప్లగ్ పాయింట్‌నకే తగిలించిరి.

రెండు దాటగనే మిగిలిన ఇద్దరితో వచ్చిన ఒడార్కా తెరను చూచెను. చల్లని కెటిల్‌ను చూచెను. వంగి తెర ప్లగ్గును పెరికి కెటిల్ ప్లగ్గును గ్రుచ్చెను. సముద్రతీరము అంధకారమున మునిగెను. మెట్లమీద బూట్ల చప్పుడై పిక్స్‌లీ ప్రత్యక్షమయ్యెను.

“మిసెస్ ప్రితులా! దాన్ని ఎవరు తీశారు?”

“నేనే. నీళ్లు మరగాలి కదయ్యా.”

అంతట పిక్స్‌లీ టై సవరించుకొని, సింహము గుహాముఖమున నిలిచినట్లు గుమ్మమున నిలిచి, ఇట్లు గర్జించెను: “ఇది ఉత్త తెర కాదండీ. ఇదొక వేదిక! సమాజంలో ప్రతి వర్గమూ తనను తాను చూసుకునే అద్దం! భిన్నత్వాలన్నీ చేతులు కలిపే వారధి!”

“ఆ అద్దంలో నేను కనపడట్లేదే,” అనెను ఒడార్కా. “ఈత బట్టలేసుకున్న పిల్లలు కనపడుతున్నారు. మన ఊళ్లో సముద్రం ఎక్కడుంది, ఎడ్మండ్?”

“అవి ప్రతీకలు.”

“అదృష్టవంతులు,” అనెను గిల్బర్ట్. “ప్రతీకలకి చలెయ్యదు.”

మారిటెస్ మెల్లగా చేయి యెత్తెను. “సార్, మీ సమావేశానికి నన్నూ పిలిచారు. పొద్దున పదింటికి. అప్పుడు నేను ఫ్యాక్టరీలో ఉంటాను.”

“అందుకే కదమ్మా అభిప్రాయాల పెట్టె పెట్టాం.”

“అందులో వేశాను సార్. టీ తాగనివ్వండి అని రాశాను.”

“అందింది, అందింది. ‘పానీయ సంబంధిత ఆకాంక్షలు’ అనే విభాగంలో చేర్చాం.”

అని పలికి, అతడు కెటిల్ ప్లగ్గును లాగి తెర ప్లగ్గును గ్రుచ్చెను. ఒడార్కా తెర ప్లగ్గును లాగి కెటిల్‌ది గ్రుచ్చెను. అతడు మరల లాగెను. ఆమె మరల గ్రుచ్చెను. ఆ కలహమున కెటిల్ ఒరిగి, దోసెడు నీళ్లు డైరెక్టరు బూటుపై చిందినవి. అవి యింకను గోరువెచ్చగా నుండుటచే మాత్రమే ఈ కావ్యము విషాదాంతము కాలేదు. అప్పుడు పిక్స్‌లీ తెర ప్లగ్గును మరల గ్రుచ్చి, తన వీపును గోడకు ఆనించి, ప్లగ్ పాయింట్‌ను దేహముతోనే కప్పి, అచలుడై నిలిచెను.

గిల్బర్ట్ ఈలోగా కోట్ల వరుస వెనుకగా నడచుచుండెను. సరకు రైళ్ల మధ్య ముప్పదియేండ్లు చీకటిలో నడచినవాని అడుగులు వినబడునా? అతడు చేతికర్ర వంపును తెర తీగకు తగిలించి ఒక్క గుంజు గుంజెను. ప్లగ్గు ఊడెను, తీగతోపాటు కొక్కెమునకు వ్రేలాడు బీవరు అను నీటిజంతువు తోలుకోటు ఊడి, గ్రహణకాలపు రాహువువలె డైరెక్టరు శిరస్సుపై బడెను.

“తీయండి! ఎవరైనా తీయండి!” అని కోటు లోపలినుండి ఆక్రందన వినవచ్చెను.

“గిల్బర్ట్, చాల్లే. మనిషికి ఊపిరాడట్లేదు,” అని ఒడార్కా కోటు తొలగించెను.

బయటపడిన పిక్స్‌లీ జుట్టు నిక్కి యుండెను గాని, స్వరము మంచుకంటె చల్లగా నుండెను. “సరే. వచ్చే గురువారం నుంచి ఈ గదికి తాళం. సందర్శకులు సందర్శించి వెళ్లిపోవాలి. కాపురం పెట్టకూడదు.”

ఎవ్వరును నవ్వలేదు. మారిటెస్ కిటికీ వెలుపల తెల్లని వీధిని చూచెను. గిల్బర్ట్ కర్రను చూచుకొనెను. తుపానులకు తొణకని ఒడార్కా కెటిల్ మూతను అవసరము లేకున్నను రెండుమార్లు తీసి పెట్టెను.

“ఫోటోలు సర్దేస్తాను, లోలా,” అనెను మారిటెస్. అమ్మమ్మను వారి భాషలో అట్లందురు. ఒడార్కా మనుమలు ఫోనులోనైనను అంత మెత్తగా పిలువరు. మారిటెస్ ఒక్కొక్క ఫోటోను పెట్టెలో వేయుచు, ఒకదాని వద్ద ఆగెను. “దీనికి ఇంకా పేరు రాయలేదు. పనికిరావని పారవేసే వాటిలో ఉంది.”

మోకాళ్లపై కూర్చుండి, బకెట్టు పక్కన నేల తుడుచుచున్న యువతి. కెమెరాను జూచి సిగ్గుపడక నవ్వుచున్నది. ఒడార్కా కళ్లద్దాలు పైకి తోసి చూచెను. పిమ్మట పిక్స్‌లీ ముఖమును చూచెను. మరల ఫోటోను చూచెను.

“ఎడ్మండ్, మీ నాయనమ్మ పేరు హిల్డా కదూ?”

“అవును. హిల్డా పిక్స్‌లీ. ఈ తపాలా కార్యాలయాన్ని నడిపించింది,” అని అతడు వాడుకగా చెప్పు వాక్యము చెప్పెను. ఆ వాక్యము మెట్ల పక్కనున్న రాగి ఫలకమున గూడ కలదు.

“నడిపించలేదయ్యా. తుడిచింది. మా అమ్మా ఆమే కలిసి తుడిచేవాళ్లు. హాల్లో కూర్చోనిచ్చేవాళ్లు కాదు. చలికాలంలో ఈ గదిలోనే, ఇదిగో, నువ్వు నిలబడ్డ చోటే, అప్పుడిక్కడున్న వేడినీళ్ల రేడియేటరుకి వీపు ఆనించి కూర్చునేవాళ్లు.”

గిల్బర్ట్ తొంగిచూచి, “ముక్కు చూడు. ముద్ర గుద్దినట్టుంది,” అనెను. ఆ ఒక్కసారి అతడు ఒడార్కాను కాదనలేదు.

పిక్స్‌లీ ఫోటోను అందుకొనెను. పదునాలుగు సమావేశముల శబ్దసంపద యంతయు ఆ నోటినుండి ఎచ్చటికి బోయెనో తెలియదు. అతడు అడిగినది ఇంతే:

“ఎందుకు నవ్వుతోంది?”

“అదా! అదో పెద్ద కథ. పోస్టుమాస్టరు గారి విగ్గు, ఒక పిల్లి, ఈ బకెట్టూ. చెప్పాలంటే గంట పడుతుంది.” ఒడార్కా కుర్చీలో వెనుకకు వాలెను. “నా గొంతేమో ఎండిపోయింది.”

ఈ విశ్వమున సేనాపతులు కోటలు అప్పగించిన విధములు అనేకములు. ఎడ్మండ్ పిక్స్‌లీ వంగి, తన చేతులతోనే కెటిల్ ప్లగ్గును గోడకు గ్రుచ్చి, నాలుగవ మడత కుర్చీని విప్పుకొని కూర్చుండెను. నీళ్లు మొదట గొణిగినవి, పిమ్మట గురక పెట్టినవి, పిమ్మట శంఖమువలె నినదించినవి. మారిటెస్ నాలుగు కప్పులు నింపెను. పిల్లి విగ్గును పట్టుకొని పారిపోయిన ఘట్టమున డైరెక్టరు టీ ముక్కులోనికి బోవ నవ్వెను. ఫోటో వెనుక మారిటెస్ వ్రాసెను: హిల్డా పిక్స్‌లీ.

అతడు మారెనని తలపకుడు. మరుసటి వారమే సమితికి సమర్పించిన నివేదికలో, ‘ఉష్ణపానీయాధారిత తరాంతర సంభాషణా ప్రయోగము’ తన దూరదృష్టి ఫలితమని వ్రాసికొనెను. సమితి వారు చప్పట్లు కొట్టి, దానిని అధ్యయనము చేయుటకు ఉపసమితిని వేసిరి. రాగి ఫలకము నేటికిని మారలేదు. ఆ ఉపసమితి ఇంకను ఉదయము పదింటికే కూడుచున్నది.

కాని గురువారమునాడు అతడు మెట్లు దిగి వచ్చును; కప్పు తానే తెచ్చుకొనును.

కావున హాజెల్‌ఫోర్డ్ ప్రజలారా, గాదెల కాపరులారా, మాంసము కోయు వీరులారా, వినుడు! గోడ ప్లగ్ పాయింట్‌నందలి రెండు సన్నని చీలికలును ఒక గుండ్రని రంధ్రమును శత్రువు చేతినుండి విముక్తములయ్యెను! ఆ విజయము సంపూర్ణము, తిరుగులేనిది, వారమునకొక్క దినము, రెండు మొదలు నాలుగు గంటల వరకు!