ఒక అడ్డుపలక దరఖాస్తు

మానవజాతి కనిపెట్టిన పాలనా వ్యవస్థలన్నింటిలోనూ ఉత్కృష్టమైనది ఇంగ్లండు పల్లెల్లోని పారిష్ కౌన్సిలే అని ఇందుమూలముగా తెలియజేయడమైనది. సామ్రాజ్యం పోయింది, గనులు పోయాయి, చివరికి మా ఊరి బస్సు కూడా పోయింది (మంగళవారం ఒకటి వస్తుంది, తిరిగి వెళ్ళేది గురువారం). కౌన్సిల్ మాత్రం నెలకోసారి టీ బిస్కెట్ల సమేతంగా కొలువు తీరుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళ క్రితం ఈ ఊరొచ్చిన నేను అందులో సభ్యుణ్ణి (కొత్తవాళ్ళ కోటాలో). కనుక మా నెదర్ మార్ల్‌టన్‌లో, మార్ల్ నది ఒడ్డున ఇల్లు కొనదలచినవారికి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుంది.

ఇల్లు చూడడానికి మిమ్మల్ని జూన్‌లో రమ్మంటారు. రండి. అప్పుడు మా నది చీలమండ లోతున, బాతుపిల్లల్ని వెంటేసుకుని, ఎంత బుద్ధిగా పారుతుందో! నిరుడు జూన్‌లో గ్లెనిస్ ప్రైడీ గారు ఇల్లు చూడడానికొచ్చి, నది ఎంత దూరమని దళారీ బేసిల్‌ని అడిగారు. "మీరు నడవక్కర్లేదండీ, అదే మీ దగ్గరికొస్తుంది" అన్నాడతను. మా దళారులు అబద్ధమాడరని కొనేవారు గమనించగలరు.

గ్లెనిస్ గారు బర్మింగ్‌హామ్‌లో ముప్పై ఏళ్ళు పిల్లలకు పియానో నేర్పిన మనిషి. అక్కడి ఫ్లాటు అమ్మేసి, ఉన్నదంతా పెట్టి రేవు వీధిలో ఒక పాత రాతి ఇల్లు కొన్నారు. వెంట వాళ్ళమ్మ పియానో తెచ్చుకున్నారు. నలుగురు మోసి లోపలికి చేర్చాక తెలిసింది, మేడమెట్లు మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టనంత ఇరుకని. పియానో కింది గదిలోనే ఉండిపోయింది. ఆగస్టుకల్లా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండుమంది పిల్లలు పాఠాలకు చేరారు. ఆవిడకు ఆ పియానోయే అన్నం.

సెప్టెంబరులో పక్కింటి విన్నీ స్ట్రాడ్లింగ్ కేకు పట్టుకుని పలకరించడానికి వెళ్ళింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, పుట్టిందీ పెరిగిందీ ఆ వీధిలోనే. పియానో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటి తల్లీ, దీన్ని కిందే పెట్టుకున్నావ్?"

"పైకి ఎక్కలేదండీ. ఏం?"

"ఏం లేదులే. చలికాలంలో మా సోఫా ఇటుకల మీదుంటుంది, అందుకని అడిగా."

"ఇటుకల మీదా? ఎందుకండీ?"

"అలవాటు."

"విన్నీ గారూ, నిజం చెప్పండి. ఇంట్లోకి నీళ్ళొస్తాయా?"

"ఛ, నీళ్ళేంటి! కాస్త తడి. కిందటేడు మోకాళ్ళ దాకా, అంతే. కేకు తిను తల్లీ."

(ఇక్కడ ఒకరిని హెచ్చరించడమంటే ఇదే. ఇంతకంటే గట్టిగా చెబితే అమర్యాద.)

గ్లెనిస్ గారు మర్నాడే పక్క టౌనుకెళ్ళి అల్యూమినియం అడ్డుపలక ఒకటి చేయించుకొచ్చారు. నీళ్ళొచ్చినప్పుడు గుమ్మానికి బిగించి, పోయాక తీసేయడమే. బిగించడానికి పది నిమిషాలు చాలు. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఆవిడ పద్ధతి గల మనిషి కావడంతో అనుమతి అడిగారు.

రేవు వీధి రక్షిత ప్రాంతం. నిబంధన 14(బి) ప్రకారం తలుపుల చారిత్రక రూపానికి భంగం కలగరాదు. ఇలాంటివి తేల్చడానికి నదీ వ్యవహారాల ఉపసంఘం ఉంది. సభ్యులం ఐదుగురమూ గుట్ట మీద కాపురముండేవాళ్ళమే (రేవు వీధివాళ్ళను వేస్తే, నీళ్ళొచ్చిన నెలలో కోరం ఉండదు). అధ్యక్షులు డడ్లీ ఫెన్‌విక్ గారు, రిటైరైన పళ్ళ డాక్టరు.

"పదిహేడో శతాబ్దపు తలుపు పక్కన అల్యూమినియమా, మేడమ్?" అన్నారు డడ్లీ గారు, పుచ్చు పన్ను చూసినట్టు.

"ఆ తలుపు ఇరవై ఏళ్ళ నాటిదండీ. షాపు చీటీ ఇంకా అంటుకునే ఉంది. పాతది నదిలో కొట్టుకుపోయిందట."

"చూశారా! అందుకే ఉన్నదాన్నైనా కాపాడుకోవాలి."

"ఏడాదికి రెండు రోజులండీ. ఆ పియానో పోతే నాకింకేం లేదు. దయచేసి…"

ఎవరో బిస్కెట్ల పళ్ళెం ఆవిడ వైపు జరిపారు. అప్పుడు మరో సభ్యుడు క్రిస్పిన్ ఆల్డ్‌వర్త్ గారు గొంతు సవరించుకుని అసలు సంగతి కక్కారు. "ఒక గుమ్మానికి పలక కనిపించిందనుకోండి, రేపు ఇల్లు కొనడానికొచ్చినవాడు 'ఇదెందుకు?' అంటాడు. ఏం చెప్పమంటారు?"

నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.

నిర్ణయమేమిటంటే: దరఖాస్తు మూడు ప్రతులు, ఆమోదిత ఆకుపచ్చలు మూడింట్లో ఒక రంగు, గబ్బిలాలకు (ఇక్కడ వాటికి చట్టరక్షణ ఉంది) అభ్యంతరం లేదని నిపుణుడి ధ్రువపత్రం, ఆపైన నదిగట్టు నోటీసు బోర్డు మీద ఎనిమిది వారాల ప్రకటన. ఈలోగా పలకను బిగించరాదు. గ్లెనిస్ గారు అన్నీ చేశారు. గబ్బిలాల నిపుణుడికి టీ కూడా ఇచ్చారు.

ఆరో వారం, ఒక గురువారం పొద్దున్న మార్ల్ వచ్చింది. మొట్టమొదట నోటీసు బోర్డును పట్టుకుపోయింది. దాంతో ప్రకటన ఎనిమిది వారాలు పూర్తికానట్టేనని, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కించాలని గుమాస్తా ఆ ఉదయమే ఈమెయిలు పంపాడు. (మా ఊళ్ళో ఫైలు ఆలస్యమయ్యే ప్రశ్నే లేదు.)

నేను రబ్బరు బూట్లు తొడుక్కుని కిందికి పరుగెత్తాను. గ్లెనిస్ గారు గుమ్మం దగ్గర తువ్వాళ్ళు, దుప్పట్లు కుక్కుతున్నారు. విన్నీ తన సోఫా కింది ఇటుకలు లాగి తెచ్చింది. ఎదురింటాయన్నీ పిలిచి, నలుగురం కలిసి పియానోను రెండు వరసల ఇటుకల మీదికెత్తాం. నీళ్ళు ఆ రెండు వరసలూ దాటి, ఇంకా పైకి పాకాయి.

"అడ్డుపలక ఏదండీ?" అని అరిచాను.

"పెరట్లో షెడ్డులో ఉంది."

"బిగించలేదేం?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "అనుమతి రాలేదు కదా?"

బిగించరాదన్న ఆ నిర్ణయం మీద నా సంతకం కూడా ఉంది మరి.

పది రోజుల తర్వాత ఆరబెట్టడానికని పియానోను వీధిలోకి తెచ్చారు. చెక్క ఉబ్బిపోయింది. మీట నొక్కితే నొక్కినచోటే ఉండిపోతోంది. పాఠానికొచ్చిన ఒక పాప ఒక్కొక్క మీటే నొక్కి చూసి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

డిసెంబరు సమావేశంలో ఉపసంఘం గ్లెనిస్ గారి సమక్షంలో రెండు తీర్మానాలు చేసింది. ఒకటి: రక్షిత వీధిలో ఉంచిన పియానోను వారంలోగా తొలగించాలి. రెండు: దరఖాస్తుదారు ఇంట్లో తడిసి చెడిపోయే వస్తువేదీ మిగలనందున, అడ్డుపలక అవసరం రుజువు కాలేదు, కాబట్టి తిరస్కరించడమైనది. రెండూ ఏకగ్రీవం. చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

గ్లెనిస్ గారు లేచి నిలబడి, తన కోసం ఇంత శ్రమ తీసుకున్నందుకు మాకందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు.