ఫైళ్ళు పోతేనే ఇల్లు పదిలం

"ముట్టుకోవద్దు! ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!"

మొన్న ఆదివారం పొద్దున్నే మా వంటింట్లో వినిపించిన కేక ఇది. పోయింది వజ్రాల నెక్లెస్ కాదు, మా ఆయన నెయిల్ కట్టర్!

"డాడీ, చేపలు మాడిపోతున్నాయి. గరిటైనా తీసుకోనివ్వండి" అన్నాను. పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఆయన నాకు డాడీ, నేను ఆయనకి మమ్మీ.

"మాడనీ మమ్మీ! పోయిన వస్తువు ఎక్కడికీ పోదు. దానిమీద ఇంకోటి పెట్టినప్పుడే అసలు పోయినట్టు."

"మరి చేపల సంగతేంట్రా? మాడినవి మళ్ళీ పచ్చిగా అవుతాయా?" అంది అత్తయ్య.

పాఠకులారా, అందుకే నొక్కి చెబుతున్నాను. ఆఫీసు కంప్యూటర్లలో ఫైళ్ళు పోవడం వరం! అవి పోవాలి. తరచుగా పోవాలి!

నవ్వకండి. మా ఆయన రొడేలియో పాసిగ్ నగరంలో ఒక బీమా సంఘంలో మెయిన్‌ఫ్రేమ్‌ను కనిపెట్టుకుని ఉండేవారు. బీరువాలంతేసి కంప్యూటరు, దానికో చల్లటి గది. నిరుడు రిటైరయ్యారు. అప్పటి నుంచి ఆ బీరువాల స్థానంలో నా వంటిల్లు వచ్చింది. రొయ్యల పచ్చడి జాడీకి లేబుల్ పడింది. 'వాడకం తక్కువ' అని వెనిగర్ సీసా అటక ఎక్కింది. వెనిగర్ లేకుండా మా మరికినా ఊళ్ళో ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది?

ఇలాంటి సమయంలో ఫైలు పోయిందని పాత ఆఫీసు నుంచి ఫోనొస్తే ఎంత హాయి! ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఈల వేసుకుంటూ జీప్నీ బండి ఎక్కుతారు. నేను వెనిగర్ దింపుతాను. అత్తయ్య కాళ్ళు చాపుకుని సీరియల్ పెడుతుంది.

పోయిన వారం పోయింది పింఛనుదారుల ఫైలు. పనికిరానివి తుడిచేస్తూ ఎవరో దాన్నీ తుడిచేశారు. నకలు లేదా అంటారా? భేషుగ్గా ఉంది! కొత్త డిస్కు వచ్చినప్పుడు చర్చి ఫాదర్‌ని పిలిచి పవిత్రజలం చల్లించారు, పంది కాల్చి విందు చేశారు, గార్డు కుటుంబంతో సహా అందరికీ కబురు పెట్టారు. రోజూ నకలు తీసే ప్రోగ్రాంకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది పాపం పాత డిస్కునే నకలు తీసి, రోజూ 'తప్పులు సున్నా' అని రిపోర్టు ఇస్తోంది. సున్నా చూసి అందరూ సంతోషంగా మెరియెండా ఫలహారం తినడానికి వెళ్తున్నారు. నా మేలు కోరి ఎవరైనా పథకం వేసినా ఇంత చక్కగా కుదురుతుందా?

ఫైలు తుడిచేస్తే డిస్కు విషయసూచికలో పేరు మాత్రమే పోతుందట. అసలు సరుకు ఉన్నచోటే ఉంటుంది, ఇంకో ఫైలు వచ్చి దానిమీద కూర్చునేదాకా. అందుకే ఈయన వెళ్ళగానే 'ముట్టుకోవద్దు' అని కేకేస్తారు. ఆఫీసంతా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఈయన డిస్కంతా వరుసగా గాలించి, తునకలు ఏరి, అతికించి, ముసలివాళ్ళ పింఛన్లు నిలబెట్టి వస్తారు. వాళ్ళు 'సర్, సర్' అంటారు, వెన్న బన్నుల పెట్టె చేతిలో పెడతారు. ఇంటికొచ్చాక అలసటతో నా అలమరా జోలికి రారు. ఇందులో నష్టపోయిందెవరు?

నకళ్ళు సరిచూసుకోండి, తిరిగి ఎక్కించి పరీక్షించుకోండి అని పెద్దలు ఊరికే గోల పెడతారు. వాళ్ళ ఇళ్ళలో రిటైరైన భర్తలు లేరేమో!

ఇంతకీ ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం సినిగాంగ్ పులుసు ముందు కూర్చున్నాం. నెయిల్ కట్టర్ ఆయన జేబులోనే దొరికింది, కాబట్టి హుషారుగా ఉన్నారు.

"మమ్మీ, శుభవార్త! ఆఫీసులో కొత్తగా చేరిన మిండా ఉంది చూడు, మహా చురుకు. అంతా నేర్పేశా. నకలు కొత్త డిస్కుకి మార్పించా. వారం వారం తిరిగి ఎక్కించి చూస్తుందట. ఇక నన్ను పిలిచే పనే లేదు!"

నా చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్కసారి కూడా పిలవరా?"

"ఎందుకు పిలుస్తారు? రేపట్నుంచి పూర్తిగా ఇంట్లోనే. ముందు నీ ఫ్రిజ్ సంగతి తేలుస్తా!"

అత్తయ్య గిన్నె పక్కకి జరిపింది. "రేపు పొద్దున నేను బతాంగాస్‌లో పెద్దోడింటికి పోతున్నా" అని ప్రకటించింది.

ఇన్నేళ్ళ కాపురంలో అత్తయ్య మాటకి నేను వెంటనే తలూపింది అదే మొదటిసారి.

"నేనూ వస్తున్నా అత్తయ్యా. బస్సులో నాకూ సీటు పట్టండి."