చప్పుడు చేయని తెల్లహంస

“మన గృహిణి చెయ్యి ఇక తడవదు!”

1969 వసంతంలో తోక్మోక్ పట్టణం యావత్తూ ఈ మహావాక్యం కిందే నడిచింది. బస్సుస్టాండులో, రొట్టెల దుకాణం గోడ మీద, స్నానశాల గుమ్మం పైన ఒకటే పోస్టరు. ‘తెల్లహంస’ అనే బట్టలుతికే యంత్రం, దాని మూత మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఒక స్త్రీ. కింద పెద్ద అక్షరాల్లో ‘తృప్తి చెందిన గృహిణి ఉల్కాన్’ అని ఉంది.

ఆ ఉల్కానే రోజూ ఆ పోస్టరు పక్కనుంచి బట్టలమూట మోసుకుంటూ కాలువకు వెళ్లేది.

ఇందులో వింతేమీ లేదు. సర్కారు ప్రణాళిక ప్రకారం ఆ ఏడాది ఊళ్లోని హంసల ఫ్యాక్టరీ నుంచి అయిదువేల యంత్రాలూ, ఒక ప్రకటనా వెలువడాలి. యంత్రాలకు మోటార్లు అందలేదు. ప్రకటనకు మోటారు అక్కర్లేదు! కనుక అది గడువుకు ముందే పూర్తయింది. డైరెక్టరు కెరిమ్‌కుల్ గారికి పతకం కూడా వచ్చింది. నెలకు నాలుగో అయిదో మోటార్లు వస్తే, అవి బిగించిన యంత్రాలు రంగు ఆరకముందే గేటు దాటి ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయేవి. ఫోటోకి ఒక్కటీ మిగల్లేదు. వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించి తెల్లరంగు పూయించారు. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఉల్కాన్‌ది నవ్వుముఖం. చేతులే, నలుగురు పిల్లల బట్టలు ఉతికి ఉతికి పగిలిపోయాయి. వాటికి తెల్లటి తొడుగులు వేశారు.

ఆమె ఫోటోకి ఒప్పుకోవడానికి ఒకటే కారణం. యూనియన్ ఆఫీసులో యంత్రాల కోసం వేచి ఉన్నవాళ్ల జాబితా ఉంది. ఆరేళ్ల కిందట అందులో ఆమె పేరు రాసింది భర్త దూలత్. అప్పటి నంబరు మూడువందల పన్నెండు. దూలత్ పోయి రెండేళ్లయింది. నంబరు తొమ్మిదికి వచ్చింది. పోస్టరు మీద నవ్వితే ఇంకాస్త త్వరగా జరుగుతుందేమో అనుకుంది.

పోస్టరు అంటించిన వారానికి వెళ్లి చూస్తే తొమ్మిదో పేరు మీద ఎర్రగీత! గీత కింద దూలత్ గుండ్రటి చేతిరాత ఇంకా కనిపిస్తూనే ఉంది.

“ఇదేమిటి తమ్ముడూ, నా పేరు కొట్టేశారు?”

“మీకు మెషిన్ వచ్చేసింది కదక్కా!” అన్నాడు యూనియన్ కార్యదర్శి మంబెత్.

“ఎక్కడికొచ్చింది?”

“గోడల మీదికి! పేరుతో సహా ఊరంతా చూస్తోంది. ఒకే ఇంటికి రెండు మెషిన్లా? జనం ఏమనుకుంటారు?”

“అది చెక్కపెట్టెరా! నువ్వేగా దగ్గరుండి రంగు వేయించావు!”

“వేయించాను, కాదన్లేదు. కానీ చెక్కపెట్టె అని ఎక్కడైనా కాగితం ఉందా? మెషిన్ అని మాత్రం ఎనిమిదివేల కాగితాలు అచ్చయ్యాయి.”

ఊళ్లో మిగతా ఇల్లాళ్లు ఊరుకునే రకం కాదు. హంస ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పమని రాజధానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. జూన్‌లో ఆ రాజధాని ఫ్రూంజె నుంచి గుల్‌సున్ అనే అధికారిణి తనిఖీకి బయల్దేరింది. ఆవిడకు ఫ్యాక్టరీ అక్కర్లేదట. ఉల్కాన్ వంటిల్లు చూస్తుందట!

ఆ ఉదయమే ప్లైవుడ్ హంస లారీలో వచ్చి ఉల్కాన్ వంటింట్లో దిగింది. వెనకాలే డైరెక్టరు గారు గుమ్మంలో బూట్లు విప్పి లోపలికి వచ్చారు. ఆయన కాళ్లకు ఎరుపూ పసుపూ చారల విదేశీ మేజోళ్లు. అలాంటివి ఊళ్లో ఇంకెవరికీ లేవు.

“అమ్మా ఉల్కాన్, ఫ్యాక్టరీ పరువు నీ చేతుల్లో ఉంది.”

“నా చేతుల్లో పగుళ్లున్నాయి, డైరెక్టరు గారూ. నా తొమ్మిదో నంబరు సంగతేమిటి?”

“ముందు ఈ గండం గడవనీ తల్లీ!”

మూల కూర్చున్న అత్తగారు, బుబుష్ ముసలమ్మ, లేచింది. “పెట్టెలో మన తొట్టి పెట్టండి. నేను వెనకాల కూర్చుంటాను. గుర్రప్పాలు చిలికే కవ్వం ఇలా తే. అరవై ఏళ్లు కుమిస్ చిలికినదాన్ని, ఈ చెక్కపిట్ట నాకో లెక్కా!”

గుల్‌సున్ వచ్చింది. యాభై దాటిన మనిషి, అంత ఎండలోనూ చేతులకు తొడుగులు. ఉల్కాన్ మూత మీద తట్టింది. లోపల చబ్ చబ్‌మని చప్పుడు మొదలైంది.

“మోటారు మోత లేదే?”

“అదే కొత్త మోడల్ గొప్ప!” అన్నారు డైరెక్టరు.

“కరెంటు తీగ?”

“అసలు అక్కర్లేదు!”

అంతలో యంత్రం దగ్గింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

“వేడెక్కితే అలా అంటుందండీ,” అన్నారు డైరెక్టరు, నుదురు తుడుచుకుంటూ.

“పాపం, చల్లబరచాలి మరి,” అంటూ గుల్‌సున్ తన టీ పియాలా తీసి పెట్టె వెనక్కి చాచింది. ముడతల చెయ్యి ఒకటి వచ్చి అందుకుంది. “బతుకు తల్లీ,” అంది యంత్రం.

గుల్‌సున్ నవ్వలేదు. ముద్ర తెమ్మని డైరెక్టరును ఫ్యాక్టరీకి పంపింది. ఆయన వెళ్లాక రాయడానికి తొడుగులు తీసింది. వేళ్ల కణుపుల మీద అవే పగుళ్లు!

“పన్నెండేళ్ల కిందట వాక్యూమ్ క్లీనర్ పోస్టరు మీద ఉన్నది నేనేనమ్మా,” అంది. “ఇప్పటికీ మా ఇంట్లో చీపురే.”

డైరెక్టరు తిరిగి వచ్చేసరికి నివేదిక సిద్ధం. ఆవిడ గట్టిగా చదివింది. “‘ఈ యంత్రం కరెంటు లేకుండా, మోత లేకుండా పనిచేయగా కళ్లారా చూశాను. ఇంతటి అపురూప వస్తువు ఒక ఇంటికి పరిమితం కారాదు. వెంటనే ప్రదర్శనశాలకు తరలించాలి. దీన్ని కోల్పోయిన గృహిణికి బదులుగా మోటారున్న మామూలు యంత్రం వారంలోగా ఇవ్వాలి.’ సంతకం పెట్టండి డైరెక్టరు గారూ. లేదూ, ఇది చెక్కపెట్టె అంటారా? అలాగే రాసుకుంటాను.”

డైరెక్టరు గారు తన పతకాన్ని ఒకసారి తడుముకుని సంతకం పెట్టారు.

ఆ నెల మోటార్లు రాలేదు. అయినా అయిదోరోజుకే యంత్రం వచ్చేసింది. మంబెత్ జాబితా పట్టుకొచ్చి మళ్లీ ఎర్రగీత గీయబోతే ఉల్కాన్ కలం లాక్కుంది. దూలత్ అక్షరాలకు తగలకుండా, పక్కన చిన్న టిక్కు పెట్టింది.

మూత తీసి చూసిన ముసలమ్మ లోపలినుంచి ఏదో పైకి లాగింది. ఎరుపూ పసుపూ చారల మేజోడు, ఒంటిది, ఇంకా తడిగానే ఉంది.

“ఇది పోస్టరులో లేదేమే కోడలా! మెషిన్‌తో పాటు ఇస్తున్నారా?”

 ఉల్కాన్ కొత్త యంత్రంలో మొదట ఆ మేజోడునే ఉతికించి, వీధివైపు తీగ మీద, పోస్టరుకు సరిగ్గా ఎదురుగా ఆరేసింది.

డైరెక్టరు గారు ఇప్పుడు ఆ వీధి మానేసి, స్నానశాల వెనకదారిన చుట్టుతిరిగి ఫ్యాక్టరీకి వెళ్తున్నారు. నడక ఆరోగ్యానికి మంచిదని అందరికీ చెబుతున్నారు.