కారద్దం మీద బాష్పాసురుడు

నాలుగు రోజులుగా తెరిపివ్వని వానాకాలంలో, దిక్కులన్నీ తడిసిన గోనెసంచుల్లా వేలాడుతున్న ప్రభాతవేళ, ఎనిమిదీ పదిహేను అనబడే ఘడియలో, ఇస్త్రీ దుకాణం ముంగిట వర్షధారాభిషిక్త నీలదేహంతో ఆయాసపడే గజరాజంలా నిలిచి ఉన్నదమ్మా ఒక ముసలి కారు! ఆ రథాన్ని అధిరోహించిన వీరనారి ఎవరనుకున్నారు? గేరుదండమర్దిని, ద్విపర్యాయపరాజిత, ఆ దుకాణం వాళ్ళ కోడలు.

రెండుసార్లు డ్రైవింగ్ టెస్టు తప్పింది పాపం. తొమ్మిదింటికి మూడోది. మొగుడు సబ్బునీళ్ళలో జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుని, కట్టు కట్టించుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. లైసెన్సేమో అతనికుంది, చెయ్యి లేదు. ఆమెకు రెండు చేతులూ ఉన్నాయి, లైసెన్సు లేదు. ఈ పూట ఆలస్యమైతే మళ్ళీ రెండు నెలలకు గానీ పిలవరు. అన్నాళ్ళూ లాడ్జీలకు బట్టలు చేరవేసేదెవరు? దుకాణం షట్టరు దించుకోవడమే.

వెనక సీట్లో అత్తగారు. ఆవిడ ఒళ్ళో, అటూ ఇటూ, పన్నెండు దుప్పట్లు. ముసురుకి ఆరక చస్తుంటే సగం తడిమీదే ఇస్త్రీ చేసి, పొగలు కక్కుతుండగానే మడతపెట్టి ఎక్కించింది. టెస్టయ్యాక దారిలో లాడ్జీలో ఇచ్చేద్దామని. వాటిమీద చినుకు పడకూడదని అద్దాలన్నీ బిగించేసింది కూడాను.

కారు సందు మలుపు తిరిగిందో లేదో, అహో! నిశ్శబ్దపాదుడు, ధవళకాయుడు, దృష్టిహరణచతురుడు అయిన బాష్పాసురుడు ముందద్దం అడుగున పుట్టి, జానెడై, మూరెడై, వీధినీ వీధిలో మనుషుల్నీ ఒక్క గుటకలో మింగేశాడు. ఆ కారుకి ఏసీ ఉండేదిట, ఏ యుగంలోనో.

మొగుడు ఎడంచేత్తో దుప్పటి కొస లాగి వీరావేశంతో తుడిచాడు. ఆ దుప్పటికి గంజి పెట్టారన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆ క్షణాన ఒక్కరికీ గుర్తులేదు. అద్దమంతా తెల్లటి చారలు! చొక్కా బొత్తాలు మెరిపించే అలవాటుకొద్దీ అతను నోటితో ‘హా’ అని ఊది మరీ రుద్దాడు. శత్రువుకి స్వయంగా సైన్యం పంపిన సేనాని ఇతనొక్కడే.

చివరికి రూపాయి బిళ్ళంత కన్నం దక్కింది. దానికి కన్ను ఆనించి, ఎడమకు పో, కుడికి పో అని దారి చెప్పడం మొదలెట్టాడు. అంతలో ఆ తెల్లదనంలోంచి పాలసైకిలు ఒకటి బానెట్‌కి బెత్తెడు దూరంలో గంట కొట్టుకుంటూ దాటింది.

కోడలు బ్రేకు తొక్కేసింది. బస్టాపు పక్కన కారు ఆపింది. పోనియ్యి, టైమైపోతోందని మొగుడు గోల పెట్టాడు.

అప్పుడా మహాసాధ్వి, “ఓ భగ్నబాహూ! పరచక్షువులను నమ్మి చక్రములు త్రిప్పుదాననా? అగోచర మార్గమున అడుగైన కదల్పను!” అని గర్జించింది. అంటే, ఆమె నోటివెంట వచ్చింది మాత్రం ఇదీ:

“నాకు కనబడట్లేదండీ. కనబడకుండా నడపను. టెస్టు పోతే పోనీండి.”



బయటివైపు తుడుద్దామని వానలోకి దిగింది. బయటంతా శుభ్రంగానే ఉంది! వంగి లోపలికి చూసింది. పొగమంచులో కొండలాగా దుప్పట్లు, కొండమీద అత్తగారి ముక్కు. అసురుడి కోట ఎక్కడో తెలిసిపోయింది. తెలిసి ఏం లాభం? తెల్లవారుజామునించీ నడుం వంచి చేసిన ఇస్త్రీ అది. దింపండని పెద్దావిడతో ఎలా అంటుంది? తలుపు తీసి ఊరికే నిలబడింది.

అత్తగారు కోడలి మొహం చూసింది, దుప్పట్లు చూసింది, అద్దం చూసింది.

“ఇదా నీ ఏడుపు? ఇట్లా పట్టుకో సగం,” అంది దిగుతూ. “దుప్పటి నలిగితే మళ్ళీ ఇస్త్రీ చేసుకుంటానే. నువ్వు నలిగితే నిన్నెక్కడ చేసుకోను?”

పన్నెండు దుప్పట్లతో బస్టాపు కప్పు కింద బెంచీ ఎక్కి కూర్చుంది. ఇక్కణ్ణించి కదలను, పొమ్మంది.

నాలుగు కిటికీలూ దిగాయి. వాయుదేవుడు హోరున చొరబడ్డాడు; వరుణుడు మొగుడి కట్టుమీదే కురిశాడు. గంజిచారల్ని కోడలు తన తడికొంగుతో తుడిచేసింది. బాష్పాసురుడు అంచులకు జరిగి, మూలలకు నక్కి, నామరూపాల్లేకుండా పోయాడు.

తొమ్మిదికి నిమిషం తక్కువలో టెస్టు ఆఫీసు గేటు దాటారు. ఇన్‌స్పెక్టరు ఎక్కి, తడిసీటు మీద కూర్చుని, కిటికీలెందుకు తెరిచారని మొహం చిట్లించాడు. రోడ్డు కనబడాలి కదండీ అందామె. ఆయన కాసేపు అద్దంకేసి చూసి, సరే పోనిమ్మన్నాడు. ఈసారి తప్పలేదు.

వినండమ్మా, చెవులు రిక్కించి వినండి! ఆ దినమున రాజ్యములు గెలవబడలేదు, కిరీటములు దొర్లలేదు. రెండు మూరల గాజుపలక జయింపబడెను. దాని వెనక రోడ్డు, రోడ్డులాగా కనబడెను.