బుట్టలో దిగిన ఇన్‌స్పెక్టరు

ఒక పెద్ద అడవిలో, దాని పెద్దరికానికి తగ్గట్టే పాతిక బారల లోతున్న మడుగొకటి ఉండేది. అడుగంతా రాళ్ళు. ఆ రాళ్ళ సందుల్లో రెండు జాతుల చేపలు కాపురముండేవి. ఒకటి వాలుగ. నోటినిండా పళ్ళు, కనిపించిందల్లా మింగే రకం. రెండోది రాతిచేప. ఎవరి జోలికీ పోదు, నూరేళ్ళు బతుకుతుంది, కాకపోతే ఇరవయ్యేళ్ళు దాటితే గాని పిల్లల్ని పెట్టదు.

నూకాలనే నీటికుక్క వాలుగలకు గాలమేసి నలుగురు పిల్లల్ని సాకేది. గాలానికేం తెలుసు, ఏది వాలుగో ఏది రాతిచేపో? పదిసార్లు లాగితే మూడుసార్లు రాతిచేపే వచ్చేది. అంత లోతు నుంచి ఒక్కసారిగా పైకి వచ్చేసరికి దాని కడుపులో గాలి ఉబ్బి, కళ్ళు వెలికివచ్చేవి.

రాతిచేపలు తగ్గిపోతున్నాయని అడవి పంచాయతీ కూర్చుంది. అధ్యక్షుడు ఎలుగుబంటి. ఆయన మోకాలి లోతు దాటి నీళ్ళెరగడు, అందుకే నీటి శాఖ కూడా ఆయనకే ఇచ్చారు. గాలానికి పడ్డ ప్రతి రాతిచేపనూ ఇన్‌స్పెక్టరు కళ్ళెదుటే నీళ్ళలో వదలాలని, వదిలినట్టు తాటాకు మీద ఆయన ముద్ర ఉండాలని తీర్మానించారు. వచ్చే ఎండాకాలం లెక్కలో ఒక్క రాతిచేప తగ్గినా మడుగులో వేట బంద్.

ఇన్‌స్పెక్టరుగా కొంగ ధవళమూర్తిని వేశారు. ఒంటికాలి మీద అంతసేపు నిలబడగల ఉద్యోగి మరొకడు దొరకలేదట.

నూకాలు చేపను వదిలేది. ధవళమూర్తి "సజీవంగా విడుదల" అని ముద్ర గుద్దేవాడు. ఉబ్బిన చేప మునగలేక వెల్లకిలా తేలేది. నూకాలు అటు తిరగ్గానే ధవళమూర్తి దాన్ని గుటుక్కుమనిపించేవాడు.

ఒకరోజు నూకాలు చూడనే చూసింది.

"అదేటి బాబూ! ఇప్పుడే కదా ఒగ్గీసినాం!"

"విడుదల దాకానే నా డ్యూటీ. ఆ తరవాత జరిగేది నా పరిధిలోకి రాదు" అన్నాడు ధవళమూర్తి, ముక్కు తుడుచుకుంటూ.

"పరిధిలోకి రాకపోయినా నోట్లోకి వచ్చింది కదా బాబూ."

నూకాలుకు కడుపు రగిలిపోయింది. ముద్రలు ఇతడికి, వేట బంద్ తనకి! పిల్లల మొహాలు గుర్తొచ్చి ఏడుపు కూడా వచ్చింది. తిన్నగా తాబేలు తాత దగ్గరకు పోయింది. మడుగు అడుగు చూసొచ్చినవాడు అడవిలో ఆయనొక్కడే.

"లోతులో ఉండే జీవి అమ్మా అది" అన్నాడు తాత. "ఏ లోతు నుంచి లాగావో ఆ లోతుకే దింపు. గాలి అణుగుతుంది, దాని దారిన అది పోతుంది."

"ఈ సంగతి పంచాయతీలో సెప్పలేదేం తాతా?"

"నిపుణుల కమిటీలో నేనూ ఉన్నాను. మొదటి మీటింగుకి నిరుడు బయల్దేరాను. ఇంకా దారిలోనే ఉన్నా."

నూకాలు వెదురుబుట్ట ఒకటి అల్లింది. దాన్ని బోర్లించి, అంచులకు రాళ్ళు కట్టి, పైన పొడుగాటి తీగ ముడేసింది. ఉబ్బిన చేపను బుట్ట కిందికి తోసి, ఇరవై బారలు దింపింది. పైకి లాగితే బుట్ట ఖాళీ. నీటి మీద చేప ఎక్కడా తేలలేదు. నూకాలు ఒడ్డున గంతులేసింది. అంతటితో ఊరుకోక, ఎరను రాళ్ళకు రెండు బారలు పైనే ఆపడం మొదలెట్టింది. వాలుగ ఆశపోతు, ఎర కోసం పైకొస్తుంది. రాతిచేప ఇల్లు కదలదు.

పదిహేను రోజులకు ధవళమూర్తి డొక్కలు బయటపడ్డాయి. పదహారో రోజున ఫిర్యాదు పెట్టాడు. "నూకాలు రాళ్ళు కట్టిన బుట్టతో చేపల్ని నీళ్ళలో ముంచి చంపుతోంది."

ఎలుగుబంటి అదిరిపడ్డాడు. "రాళ్ళు కట్టి ముంచితే నేనైనా చస్తాను, చేప ఎంత!"

సభంతా అవునంది.

"అది సేప బాబూ!" అంది నూకాలు.

"జాతి పేరు ఎత్తకు. చట్టం ముందు అందరూ సమానమే. బతికుంటే పిలు, వచ్చి సాక్ష్యం చెప్పమను."

"పైకొస్తే సచ్చిపోద్ది బాబూ."

"విన్నారా, చస్తుందని తనే ఒప్పుకుంది!" అని ధవళమూర్తి రెచ్చిపోయాడు. "అసలు విడుదల జరిగేచోట ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూడాలి. ఇరవై బారల కింద జరిగింది నేను చూశానా? చూడనిది విడుదలే కాదు!"

ఎలుగుబంటి తీర్మానం రెండుసార్లు చదివాడు. నిబంధనంటే ఆయనకు తేనె తరవాత అంత ఇష్టం.

"నిజమే. రేపటి నుంచి బుట్టతో పాటు నువ్వూ దిగు."

"నేనా? ఊపిరాడక చస్తాను!"

"చేప చస్తుందని రాశావు గాని, నువ్వు చస్తావని ఫిర్యాదులో లేదు. కొత్త అంశాలు తేకు."

మర్నాడు అడవంతా ఒడ్డుకు చేరింది. ధవళమూర్తిని బుట్ట కింద సర్ది, పక్కనే ఒక రాతిచేపను పెట్టి దింపారు. మూడు బారలు దిగిందో లేదో, తీగ గిలగిలా కొట్టుకుంది. వదిలేస్తే పీడా పోతుందని నూకాలుకు ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమెందుకు, రెండు క్షణాలు. తరవాత గబగబా లాగేసింది.

ధవళమూర్తి పొట్టనిండా నీళ్ళతో, గుడ్లు వెలికివచ్చి బయటపడ్డాడు. ఎలుగుబంటి ఒక్క చూపు చూసి కేకేశాడు. "కడుపుబ్బింది, కళ్ళు వెలికొచ్చాయి! వెంటనే నీళ్ళలో వదలండి!"

ఇద్దరు బంట్రోతులు కాళ్ళు పట్టుకుని ఎత్తేశారు కూడా. నూకాలు అడ్డుపడి, "బాబూ, ఇది కొంగండీ!" అని విడిపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ సందడిలోనే రాతిచేపను బుట్ట కింద పెట్టి మళ్ళీ దింపింది.

ఆ రోజు నుంచి ధవళమూర్తి మడుగు ఛాయలకు రాలేదు. ముద్ర లేకపోతే నిబంధన తప్పుతుంది గనక, ముందే ముద్రలు గుద్దిన తాటాకుల మోపు నూకాలు ఇంటికి పంపేశాడు. నూకాలు ఒక్కో చేపనూ దింపి ఒక్కో ఆకు కట్టలో పెట్టింది. అలా ఆ కార్యాలయం చరిత్రలో మొదటిసారి ముద్ర మీద మాట నిజమైంది.

ఎండాకాలం తాబేలు తాత అడుగుకి పోయి లెక్కపెట్టి వచ్చాడు. కొంగ మింగినవాటి చోట ఆ ఏడు పుట్టిన పిల్లలొచ్చి, మొత్తంలో ఒక్కటీ తగ్గలేదు. నూకాలు నలుగురు పిల్లల్నీ ఒకేసారి వాటేసుకుంది, వేట బంద్ కాలేదు. పంచాయతీ వారు ధవళమూర్తికి శాలువా కప్పి "రాతిచేపల రక్షకుడు" అన్న బిరుదిచ్చారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నూకాలే.

నీతి: చూడకుండా ముద్ర వేసే అధికారితో ఎలాగో బతకవచ్చు, రెప్పవేయకుండా చూసే అధికారితోనే జాగ్రత్త.