తెల్లముద్ద గారి ఉద్యోగం

లోకంలో వస్తువులు రెండే రకాలు: ఖరీదైనవి, పనిచేసేవి. ఈ రెండు గుణాలూ ఒకే వస్తువులో కలవకూడదని సృష్టి మొదట్లోనే పెద్దలు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఖరీదైన క్రీము రాసుకున్నా మొహం మారకపోతే తప్పు మొహానిది. ఖరీదైన చీపురు (ఉంది, దానికి కరెంటు తీగ కూడా ఉంటుంది) ఊడవకపోతే తప్పు నేలది. చవక వస్తువు పనిచేయకపోతే తప్పు ఎవరిదీ కాదు, ‘చవకది కదా’ అని సరిపెట్టుకుంటాం. ఇంతవరకూ అంతా సజావుగానే ఉంది. చిక్కల్లా చవక వస్తువు పనిచేసినప్పుడే. అలాంటి దుర్ఘటనకు చట్టంలో చోటు లేదు.

ఆ దుర్ఘటన మందుల దుకాణం మేడ మీద, మెట్లెక్కగానే ఎడమచేతి గదిలో ఉన్న చిన్న పార్లర్లో జరిగింది. దాన్ని నడిపే ఆవిణ్ణి వీధి వీధంతా ‘వదిన’ అనే పిలుస్తుంది. పార్లర్లో రెండు కుర్చీలు. ఒకటి పైకీ కిందికీ కదులుతుంది. రెండోది కిందికి మాత్రమే కదులుతుంది. వదిన మొగుడు దూరాభారాలకు లారీ తోలుతాడు, ఇంటికొస్తే నిద్రపోతాడు, కాబట్టి కథలోకి రాడు. కథలోకి వచ్చేది ఆయన తమ్ముడు. బేరానికి వచ్చినవాళ్ళు కూర్చోవలసిన సోఫాలో ఎప్పుడూ పడుకుని ఉంటాడు. బల్బు మార్చవయ్యా అంటే ‘చూద్దాంలే’ అంటాడు. నీళ్ళ బిందె దించవయ్యా అంటే ‘చూద్దాంలే’. ఇల్లంటుకుందిరా అన్నా అదే మాట అనేవాడేమో, అదృష్టవశాత్తూ అంటుకోలేదు. అందుకని వీధివాళ్ళు వాడి అసలు పేరు మరిచిపోయి చూద్దాంలే అనే పిలుస్తారు. తనకు ఆ పేరెందుకు వచ్చిందో వాడూ విచారించలేదు. చూద్దాంలే అనుకున్నాడు.

ఒకరోజు వదిన మూల కొట్లో సూదులూ దారం కొంటే, కొట్టాయన చిల్లర లేదని ఒక తెల్లముద్ద చేతిలో పెట్టాడు. దానికి పేరు లేదు, బొమ్మ లేదు, నవ్వుతున్న ఆడపిల్ల లేదు. ఉత్త కాగితంలో చుట్టిన ముద్ద.

“ఇదేంటన్నయ్యా?” అంది వదిన.

“రుద్దుకోమ్మా.”

“ఎక్కడ?”

“ఎక్కడ మాసితే అక్కడ” అన్నాడాయన. ఇంత క్లుప్తమైన ప్రకటన వ్యాపార చరిత్రలో మరొకటి లేదు.

వదిన ముందుగా అద్దం మీద రుద్దింది. అద్దం ఎంత తేటపడిందంటే, ఆ మధ్యాహ్నం వచ్చిన దర్జీ భార్య అందులో తనని చూసుకుని ‘బాగున్నారా, ఎన్నాళ్ళయింది చూసి’ అని పలకరించింది. తర్వాత ఒక టీచరమ్మ మడమల పగుళ్ళ మీద రుద్దింది. మడమలు వెన్నముద్దలయ్యాయి. ఆవిడ మెట్లు దిగుతుంటే చెప్పులు వెనకే ఉండిపోయాయి, పాదాలు ముందు జారిపోయాయి. కింద మందుల దుకాణం ఆయన తన మూకుడు పంపాడు. ఏళ్ళనాటి మాడు పొరలు పొరలుగా ఊడి, అసలు మూకుడు బయటపడ్డాక తెలిసింది, అది ఆయనది కాదు, పక్కింటివాళ్ళది. ఆ రెండిళ్ళ మధ్యా ఇప్పటికీ మాటల్లేవు. దీనికి ముద్దని తప్పుపట్టడం న్యాయం కాదు.

రంగు వేసేటప్పుడు నుదుటికంటిన మరకా, కాలరు చుట్టూ పేరుకున్న జిడ్డూ, కుళాయికి పట్టిన చిలుమూ అన్నీ ఆ ముద్ద ముందు తలవంచాయి. చూద్దాంలే ఒక్కడి మీదే అది పనిచేయలేదు. వదిన ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది కూడా.

పార్లరుకు బేరం పెరిగింది. కిందికి మాత్రమే కదిలే కుర్చీకి కూడా జనం వంతులు వేసుకున్నారు. ఇన్నాళ్ళకి నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను అనుకుంది వదిన. అలా అనుకున్నప్పుడే మనిషి జాగ్రత్తగా ఉండాలి.

ప్రతి దుకాణమూ ఏటా ఒకసారి ఫోనులో యాప్ తెరిచి, తన దగ్గర పనిచేసేవారి వివరాలు నింపాలని శ్రమజన నమోదు కార్యాలయం వారి ఉత్తర్వు. (యాప్ పేరు ‘సులభం’. తెరుచుకోవడానికి ఒక పూట పడుతుంది.) ఆ రోజు వదిన రెండు చేతులకీ జుట్టు రంగు ఉంది. దాంతో ఫోను చూద్దాంలే చేతికి వెళ్ళింది.

“వదినా, ‘ఇక్కడ పనిచేయువారు’ అని అడుగుతోంది. ఏం కొట్టను?”

“నువ్వే చూసి నింపు నాయనా.”

“నా పేరు కొట్టనా?”

కుర్చీలో ఉన్నావిడ కిసుక్కుమంది. వదినకు మండింది.

“నీ పేరా! ఈ కొంపలో పనిచేసేది ఆ తెల్లముద్ద ఒక్కటే. అది కొట్టు!”

పుట్టి బుద్ధెరిగాక ఏ పని చెప్పినా చూద్దాంలే అనేవాడు, ఆ ఒక్క పని మాత్రం చెప్పిన వెంటనే చేశాడు. ‘పనిచేయువారు: తెల్లముద్ద, ఒక్కరు’ అని కొట్టి, పంపించి, అలసిపోయి అటు తిరిగి పడుకున్నాడు.

వారం తిరక్కుండా తనిఖీదారు వచ్చాడు. చంకలో ఫైలు, చెవిలో పెన్ను, మొహంలో దయ. గుమ్మంలోనే ఆగి తాఖీదు చదివాడు: “తెల్లముద్ద అను నామధేయము గల కార్మికునిచేత జీతము, సెలవు, విశ్రాంతి లేకుండా పనిచేయించుచున్నట్లు మీరే స్వయముగా తెలియజేసియున్నారు. కావున...”

“అయ్యో, అది మనిషి కాదండీ, ముద్ద!”

“అలా ‘అది’ అనకూడదమ్మా. పనిచేస్తున్నారా, లేదా?”

“చేస్తుంది. భేషుగ్గా చేస్తుంది.”

“పనిచేసినవారు కార్మికులు. ఎక్కడుంటారు వారు?”

“సబ్బుపెట్టెలో.”

తనిఖీదారు రాసుకున్నాడు. “వసతి: సబ్బుపెట్టె. కిటికీలు?”

“అడుగున కన్నాలున్నాయండీ, నీళ్ళు పోవడానికి.”

“గాలి, వెలుతురు: అడుగునుంచి కొంతమేరకు” అని రాసుకుని గొంతు సవరించుకున్నాడు. “వయసు?”

“కొట్టునుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు.”

తనిఖీదారు కిందికి మాత్రమే కదిలే కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ తన పని తాను చేసింది. ఆయన నేలకు జానెడు ఎత్తునుంచి పైకి చూస్తూ, “ఏడాది లోపు పసికందుచేత పాదాలు తోమిస్తున్నారా?” అన్నాడు. ఆయన కంట నీరు తిరిగింది. (ఆ నెల ఆయనకు దొరికిన మొదటి కేసు ఇది.)

సబ్బుపెట్టె తెరిచి చూపించింది వదిన. ఒకప్పుడు గుప్పెడు నిండా ఉన్న ముద్ద ఇప్పుడు సగానికి దిగింది.

“వచ్చినప్పుడు ఇలాగే ఉండేవారా?”

“లేదండీ, రుద్దగా రుద్దగా అరిగింది.”

“పనిలో అరిగిపోయారు” అని నెమ్మదిగా రాసుకున్నాడు తనిఖీదారు. విచారణ ముగిసేదాకా పార్లరుకు తాళం వేసి, తాళం మీద లక్క వేసి, లక్క మీద ముద్ర వేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. తాళం లోపల చూద్దాంలే ఉండిపోయాడని సాయంత్రానికి గానీ ఎవరికీ గుర్తురాలేదు. మేడ వెనక కిటికీకి నిచ్చెన వేసి, రారా దిగు అంటే, ఏమన్నాడో మీకు తెలుసు.

విచారణ రోజున వదిన సబ్బుపెట్టె గుండెకు హత్తుకుని కార్యాలయానికి వెళ్ళింది. వెనకాల ఆవలిస్తూ, చివరికి నలుగురు పట్టుకుని నిచ్చెన దించిన చూద్దాంలే. అక్కడ ఒక కిటికీ, కిటికీకి అద్దం, అద్దం ముందు క్యూ. అద్దం మీద ఎన్ని తరాల మురికి పేరుకుందో గానీ, అటు నుంచి ఇటు ఏమీ కనబడదు. మధ్యలో చెయ్యి పట్టేంత సందు ఉంది. కాగితం లోపలికి పెడితే ఎవరో లాక్కుంటారు, కొన్నాళ్ళకి బయటికి తోస్తారు. అంతకుమించి లోపల ఏముందో క్యూలో ఎవరికీ తెలియదు.

“ఎవరు?” అంది సందు.

“తెల్లముద్ద తాలూకండీ.”

“వారిని అద్దం ముందు నిలబెట్టండి. గుర్తుపట్టాలి.”

వదిన ముద్దను అద్దానికి ఆనించి పట్టుకుంది.

“కనబడట్లేదు.”

“అద్దం మాసిందండీ.”

“అద్దం మాయడం మా పరిధిలోకి రాదు. కనబడకపోతే గైరుహాజరు రాస్తాం. గైరుహాజరైతే పార్లరు తాళం శాశ్వతం.”

వదినకు రెండు కుర్చీలూ, తేటపడ్డ అద్దమూ కళ్ళముందు తిరిగాయి. ఇంకేం ఆలోచించలేదు. సంచిలోని సీసా నుంచి ముద్ద మీద మూతెడు నీళ్ళు చిలకరించి, ఎక్కడ మాసితే అక్కడ, రుద్దేసింది. మూడు చుట్లు తిప్పేసరికి బయటి మురికి కారిపోయింది. అది చూసి లోపలి మురికి తనంతట తానే రాలిపోయింది.

క్యూ అంతా మెడలు చాపింది. లోపల ఒకాయన బల్ల మీద కాళ్ళు చాపి గోళ్ళు తీసుకుంటున్నాడు. ఇద్దరు పులీమేకా ఆడుతున్నారు. ఒకామె స్వెట్టరు అల్లుతోంది, అది ఒక మనిషికి సరిపడే పొడవు దాటి చాలాకాలమైంది. వెలుతురు మీద పడగానే గోళ్ళు తీసుకునే ఆయన ఉలిక్కిపడి, కప్పు కూలిందనుకుని బల్ల కిందికి దూరాడు.

“ఓరి నాయనో, లోపల మనుషులున్నారు!” అన్నాడు క్యూలో ఒక పాలవాడు.

“నేను మిషను అనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ” అంది వెనకాల ముసలమ్మ. “పాపం, రిపేరులో ఉందేమోనని ఓపిక పట్టాను.”

గోల విని పెద్దాఫీసరు వచ్చాడు. వెలుతురుకు కళ్ళు చికిలిస్తూ అద్దాన్ని చూశాడు, క్యూను చూశాడు, ముద్దను చూశాడు. అంతా అర్థమైంది. ఇంతగా పనిచేసేవారిని బయట వదిలేయడం శాంతిభద్రతల సమస్య. ఆయన అక్కడికక్కడే తీర్పు చెప్పాడు.

“తెల్లముద్ద గారిని ఈ క్షణం నుంచి మా శాఖలోకి తీసుకుంటున్నాం. పర్మినెంటు.”

“మరి నా పార్లరో?” అంది వదిన.

“మీ దగ్గర ఇప్పుడు పనిచేసేవారెవరూ లేరు. ఒక్కరైనా లేనిదే పార్లరు తెరవకూడదు.”

“నేను చేస్తున్నా కదండీ! పొద్దస్తమానం నిలబడే ఉంటాను, నా కాళ్ళు చూడండి.”

ఆఫీసరు లావుపాటి పుస్తకం తెప్పించి చదివాడు. “యజమాని అనగా పనిచేయించువారు. పనిచేయించువారు పనిచేయరు. చేసినచో యజమాని కారు. కానిచో పార్లరు వారిది కాదు.” పుస్తకం మూసి, ఎంత బాగా రాశారో అన్నట్టు దాని అట్ట నిమిరాడు. అప్పుడు గోడకు జారబడి నిద్రలో తూగుతున్న చూద్దాంలే కనబడ్డాడు. “ఆయన చేస్తారా?”

వదిన అబద్ధమాడి ఉంటే కథ ఇక్కడితో సుఖంగా ముగిసేది. కానీ ఏళ్ళ తరబడి గొంతుదాకా వచ్చి ఆగిన మాట ఆగలేదు.

“వాడా! వాడు పనిచెయ్యడండీ. పుట్టినప్పటినుంచీ చెయ్యలేదు.”

“పనిచేసేది వ్యక్తి అయినప్పుడు, పనిచేయనిది ఏమవుతుంది?” అని ఆఫీసరు సిబ్బందిని అడిగాడు.

“వస్తువు సార్” అన్నారు అందరూ. బల్ల కింద ఉన్నాయన కూడా అన్నాడు.

“ఏమయ్యా, మా కిటికీ దగ్గర ఒక వస్తువుకి ఖాళీ ఉంది. కూర్చుంటావా?”

చూద్దాంలే ఒక కన్ను తెరిచాడు. “చూద్దాంలే సార్.”

ఆఫీసరు పొంగిపోయాడు. “విన్నారా? ఈ ఒక్క మాట నేర్పడానికి మన శిక్షణ కేంద్రంలో కొత్తవాళ్ళకి ఏడాది పడుతోంది. ఇతను పుట్టుకతో తెచ్చుకున్నాడు!” వెంటనే వాణ్ణి ఫర్నిచరు పద్దులో చేర్చుకుని, వీపు మీద తెల్లరంగుతో నంబరు వేశారు. చూద్దాంలేకి చక్కిలిగింత పుట్టి నవ్వాడు. వాడు తనంతట తాను చేసిన మొదటి పని అదేనని వదిన తర్వాత చెప్పుకుంది.

తెల్లముద్ద గారికి గాజు బీరువాలో గది, గదిలో మెత్తటి పీట, పీట ముందు పేరు పలక ఏర్పాటయ్యాయి. పర్మినెంటు అయిన మర్నాడు కిటికీ అద్దం తుడవడానికి బయటికి తీశారు. తుడిచారు. ఏమీ కాలేదు. ఇంకొంచెం నీళ్ళు పోశారు. నురగైనా రాలేదు. పర్మినెంటు అంటే ఏమిటో తెల్లముద్ద గారికి అర్థమైపోయింది. ‘కుదురుకున్నారు’ అని సిబ్బంది సంతోషించి బీరువాలో పెట్టేశారు.

వదిన పార్లరు తాళం తీయాలంటే అదే కిటికీలో సంతకం కావాలి. రోజూ వెళ్ళి క్యూలో నిలబడటం మొదలుపెట్టింది. నిలబడి నిలబడి ఒకరోజు కిందికి చూసింది. ముందున్న పాలవాడి మడమలు పగిలి ఉన్నాయి. ముసలమ్మవీ అంతే. క్యూ పొడవునా, గేటు దాటి రోడ్డు మలుపుదాకా, పగలని మడమ లేదు. పైగా ఇంత నికరమైన బేరం ఎక్కడ దొరుకుతుంది? వదిలి వెళ్ళిపోతే వంతు పోతుంది కాబట్టి ఒక్కరూ కదలరు.

ఆ సాయంత్రం కిటికీ మూయగానే వదిన మూల కొట్టుకు పరుగెత్తింది. “అన్నయ్యా, చిల్లర లేదని చెప్పు” అంది. ఇంకో ముద్ద చేతిలో పడింది. ఇప్పుడు తన వంతు ముసలమ్మకు అప్పగించి, చిన్న పీట, చెంబుడు నీళ్ళు పెట్టుకుని క్యూ వెంబడి జరుగుతూ కూర్చుంటుంది. క్యూ జరగదు కాబట్టి ఆవిడే జరుగుతుంది. జనం నున్నటి పాదాలతో జారిపడకుండా ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, నవ్వుకుంటూ నిలబడుతున్నారు. ఆ సందడి చూసి, పని లేనివాళ్ళు కూడా వచ్చి క్యూలో చేరుతున్నారు.

“ఏం రాస్తున్నావు వదినా, ఇంత బాగా పనిచేస్తోందీ?” అని ఎవరైనా అడిగితే వదిన గబుక్కున చుట్టూ చూస్తుంది.

“ఊరుకోండి బాబూ. ఇక్కడేమీ పనిచెయ్యదు” అంటుంది గట్టిగా, కిటికీకి వినబడేలా.

కిటికీ అద్దం మళ్ళీ మసకబారింది. నిన్న సాయంత్రం వదిన వంతు వచ్చింది. తడి చేతులు తుడుచుకుని, కాగితం సందులో పెట్టి, అద్దానికి మొహం ఆనించింది. లోపల ఏదో ఆకారం, వెనక్కి వాలి ఉంది.

“నేనురా, వదినని. ఆ సంతకం పడెయ్యి నాయనా” అంది.

లోపల కుర్చీ కిర్రుమంది. ఒక ఆవలింత వినబడింది. ఆ తర్వాత, తను కాపురానికి వచ్చినప్పటినుంచీ నువ్వు అని తప్ప పిలవని గొంతు, ఎంతో మర్యాదగా అంది:

“చూద్దాంలెండి. రేపు రండి.”