ఉపసంఘం ఎంచిన కేబుల్

"ఈ ఇంట్లో ఏ తీగైనా సరే, నేను బతికుండగా విచారణ లేకుండా గోడెక్కడానికి వీల్లేదు" అని మామగారు ప్రకటించారు.

ఆయన ఒక పెద్ద ఆఫీసులో కొనుగోళ్ల విభాగం నడిపి రిటైరయిన మనిషి. కోడలు అడిగింది మాత్రం చిన్న సంగతే. ఆమె ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. హాల్లో ఉన్న రూటర్ నుంచి వెనక గదిలోకి వైఫై సరిగా అందదు. భిన్నాలు చెబుతూ చెబుతూ నోరు తెరిచిన భంగిమలోనే తెరమీద బిగుసుకుపోయేది. పిల్లలు ఆ బొమ్మను ఫొటో తీసి దాచుకునేవారు. ఆ బాధ పడలేక రూటర్ దగ్గర, చెప్పుల స్టాండు పక్కన పీట వేసుకుని పాఠాలు చెబుతోంది. ఆ నెలాఖరులో స్కూలువాళ్లు ఆమె పాఠం చూసి, నచ్చితే ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ఈలోగా గదిలోకి ఒక మామూలు నెట్ కేబుల్ లాగించుకుంటే చాలనుకుంది.

మామగారు ఉపసంఘం వేశారు. అధ్యక్షుడు తానే. సభ్యురాలు అత్తగారు. కన్వీనరు కొడుకు, అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి రోజూ సమావేశం అయిపోయేది. కోడలిని మాత్రం చేర్చుకోలేదు. కేబుల్ వాడుకునే మనిషే కేబుల్ ఎంచుకుంటే అది పక్షపాతం కిందికి వస్తుందని, తన సర్వీసులో అలాంటి మచ్చ లేదని వివరించారు.

కేబుళ్లలో క్యాట్ ఫైవ్, సిక్స్, ఎయిట్ అని రకాలుంటాయని, ఇంటి అవసరానికి సిక్స్ ఎక్కువేనని కోడలు వంటింట్లోంచే విన్నవించుకుంది. ఎనిమిది ఉండగా ఆరు కొన్నారేమని రేపెవరైనా అడిగితే జవాబు ఎవరు చెప్పుకుంటారని అధ్యక్షుడు నిలదీశారు. సోఫా రంగులో దొరికితే బాగుంటుందని సభ్యురాలు అభిప్రాయపడ్డారు. అదొక్కటే ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

అసలు సంగతి వేరే ఉంది. కోడలి తండ్రి కిందటిసారి వచ్చినప్పుడు, తమ ఇంట్లో నెట్‌కు అడ్డూ ఆపూ లేదని ఒక మాట అనేసి వెళ్లారు. వియ్యంకుడి మాట మామగారి గుండెల్లో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. చివరికి ఆయన క్యాట్ ఎయిట్‌లోనూ ఇనుప తొడుగు ఉన్నది, భూమిలో పాతిపెట్టేది తెప్పించారు.

"మామయ్యా, ఇది హాల్లోంచి వెనక గదికేనండీ" అంది కోడలు.

"ముందుచూపు ఉండాలమ్మాయ్. రేపు హాల్లోకి వరదొస్తే?"

వరద రాలేదు గాని కేబుల్ వచ్చింది. బొటనవేలంత లావు, మామగారంత బిగువు. గోడ మూల దగ్గర వంగనని మొరాయించింది. ఆయన మోకాలు ఆనించి వంచారు. లోపల ఏదో పటుక్కుమంది. వెనక గది తలుపు ఆ పూట నుంచి మూతపడటం మానేసింది. రెండు కొసలూ తగిలించి చూస్తే రూటర్ మీద దీపం వెలగలేదు. మామగారు దీపాన్ని శంకించారు.

స్కూలువాళ్లు పాఠం చూసే రోజు వచ్చింది. పొద్దున మామగారు నడకకు వెళ్లగానే అత్తగారు కోడలిని పిలిచి, కావలసిన కేబుల్ వెళ్లి తెచ్చుకోమన్నారు. కొడుకు ఎటూ సమావేశాలకు అందడు గనుక సంఘంలో సగం తానేనని, అనుమతి ఇచ్చినట్టేనని కూడా అన్నారు. కోడలు వీధి చివర కొట్లో సన్నటి క్యాట్ సిక్స్ కొనుక్కొచ్చింది. ఇద్దరూ సోఫా జరిపి, దాన్ని కార్పెట్ కిందుగా గదిలోకి పరిచారు. పాఠం ఎక్కడా ఆగలేదు. ఉద్యోగం పర్మనెంటయింది. కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు మామగారు కార్పెట్ మీద ఉబ్బిన గీతను చూశారు. కోడలు చీవాట్లకు సిద్ధపడింది. ఆయన గొంతు బాగా తగ్గించి, "దాన్ని ఇంకాస్త లోపలికి తొయ్యమ్మా. సాయంత్రం మీ నాన్నగారు వస్తున్నారు" అన్నారు. లావు కేబుల్ కొసను తగిలించినట్టు కనబడేలా ఆయనే స్వయంగా లాప్‌టాప్ వెనక దోపారు.

వియ్యంకుడు వచ్చారు. మామగారు ఆయన్ని గోడ వెంబడే నడిపిస్తూ, ఇనుప తొడుగు మహిమ వర్ణిస్తూ వెనక గదిలోకి తీసుకొచ్చారు. కోడలు పాఠంలో ఉంది. తెరమీద పిల్లలు గోలగోలగా ఎక్కం అప్పజెబుతున్నారు. వియ్యంకుడు కేబుల్‌ను చేత్తో పట్టి, బరువు చూసి, ఓర్వలేక కాస్త గట్టిగానే లాగారు. కొస ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

ఎక్కం మాత్రం ఆగలేదు.

కోడలు గబుక్కున మైకు ఆపేసింది. ఈ వయసులో మామయ్యకు ఈ పరాభవమేమిటని జాలిపడింది. మామగారు మాత్రం తొణకలేదు.

"చూశారా బావగారూ, పీకేసినా పనిచేస్తోంది. అదీ క్వాలిటీ అంటే."

ఆమె తండ్రి కొసను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉందండి. మా ఇంట్లో కేబుల్ అయితే అసలు కంటికే కనబడదు" అన్నారు.

కనబడదు మరి. ఆయన వాడుకునేది తమ పై అంతస్తువాళ్ల వైఫై. పాస్‌వర్డు వాళ్లను బతిమాలి తెచ్చి ఫోన్లో కొట్టిపెట్టింది ఈ కూతురే. ఆయన కూతురి కళ్లలోకి ఒక్కసారి చూసి, చూపు తిప్పుకున్నారు. ఆమె పాఠంలో పడిపోయింది.

ఆయన వెళ్లాక మామగారికి ముద్ద దిగలేదు. కోడలి దగ్గరికొచ్చి, మీ నాన్నగారు వాడే రకం ఎక్కడ దొరుకుతుందని నెమ్మదిగా వాకబు చేశారు.

"కొట్లో దొరకదు మామయ్యా. పైవాళ్లు ఇవ్వాలి" అంది కోడలు, ఒక్క అబద్ధమూ ఆడకుండా.

"అనుకున్నాను" అని మామగారు నిట్టూర్చారు. "పైవాళ్ల దగ్గర పలుకుబడి ఉంటే ఏదైనా వస్తుంది. మేం సర్వీసంతా అలాగే కదా కొన్నది."